తెలుగు నేర్చిన తిరునల్వేలి బిడ్డ: బిషప్ అజరయ్య

తెలుగుజాతికి ఒక మంచి గుణం ఉన్నది. తన కడుపున పుట్టినవారినే గాక, పరాయి నేలనుండి వచ్చి తన మాట నేర్చి, తన కష్టసుఖాలలో పాలుపంచుకొన్నవారిని గూడా అది తనవారిగానే లెక్కించుకొంటుంది. గోదావరి సీమలో నేటికీ కాటన్ దొరను తలచుకోని రైతు లేడు. వేమన పద్యాలను వెదకి అచ్చువేయించిన బ్రౌన్ దొరను స్మరించని తెలుగు పండితుడు లేడు. ఆ వరుసలోనే చేర్చి చెప్పదగిన మరొక మహనీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన దొర కాడు. మన పొరుగున ఉన్న తమిళదేశపు వాడు. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, తక్కిన జీవితమంతా తెలుగు పల్లెలలోనే గడిపి, తెలుగు మట్టిలోనే కలిసిపోయినవాడు. విజయవాడలో ఆయన పేరిట ఉన్న బాలికల ఉన్నత పాఠశాలను మనలో చాలామంది ఎరుగుదురు. కాని ఆ పేరుగల మనిషి ఎవరు, ఏమి చేశాడు అని అడిగితే చెప్పగలవారు తక్కువ.

పొట్టకూటికో, ఉద్యోగానికో, పిల్లల చదువులకో పుట్టిన ఊరు విడిచి ఈ బెంగుళూరు నగరానికి వచ్చి స్థిరపడిన మనబోటివారికి అజరయ్యగారి జీవితం వినదగినది. పరాయి ఊరిలో పరాయితనం ఎట్లా పోతుంది? మనస్సుకు తగిలిన దెబ్బ ఏ మందుతో మానుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ ఆయన జీవితమే ఒక సమాధానం.

అజరయ్యగారు 1874వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామపు క్రైస్తవ దేవాలయంలో గురువు. తల్లి ఎల్లెన్ చాలాకాలం సంతానం లేక ప్రార్థించి కన్న బిడ్డ కావడంచేత, బైబిలులోని హన్నా కొడుకు పేరైన శామ్యూల్ అని నామకరణం చేశారు. ఇసుక తిన్నెలూ తాటితోపులూ తప్ప మరేమీ పండని ఎర్రనేల అది. ఆ కుటుంబం నాడారు కులానికి చెందినది. తాటిచెట్లు గీసి జీవించే ఆ కులంవారిని ఆనాటి సమాజం ఎంత హీనంగా చూచినదో చరిత్ర చదివినవారికి తెలుసు. దేవాలయాల గడప తొక్కనిచ్చేవారు కారు. తిరువాన్కూరు సంస్థానంలో ఆ కులపు స్త్రీలు రవిక తొడుగుకొనే హక్కు కోసం పందొమ్మిదో శతాబ్దం సగం వరకూ పోరాడవలసి వచ్చినది. అజరయ్య పుట్టేనాటికి నాడారులు చదువులోను, వ్యాపారంలోను పైకి వస్తున్నారు. అయినా పెద్దలు పడిన అవమానాల జ్ఞాపకం ఇంటింటా పచ్చిగానే ఉండినది. పుండు మానుతున్నా మచ్చ సలుపుతూనే ఉంటుంది గదా.

చిన్నతనంలోనే తండ్రి గతించారు. క్రైస్తవ పాఠశాలలలో చదివే విద్యార్థులలో గూడా కులభేదాలు మెండుగా ఉండడం చూచి, వాటిని పోగొట్టడానికి తోటి పిల్లలతో కలిసి అజరయ్య ఒక సంఘాన్ని నడిపినారని ఆయన చరిత్రకారులు చెబుతారు. పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితశాస్త్రం చదివినారు గాని, పట్టా పుచ్చుకోకుండానే కళాశాల విడిచినారు. 1895లో క్రైస్తవ యువజన సంఘంలో, అంటే మనమంతా ఎరిగిన వై. ఎం. సి. ఏ.లో, కార్యదర్శిగా చేరి పదునాలుగేండ్లు దక్షిణ దేశమంతటా తిరిగినారు. 1898లో అన్బు మారియమ్మాళ్‌ను వివాహం చేసుకొన్నారు. దక్షిణ దేశంలో కళాశాల గడప తొక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

ఆ రోజులలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన స్నేహం ఒకటి కుదిరినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కలవారి ఇంట పుట్టి, యేల్ విశ్వవిద్యాలయంలో చదివి, 1896లో మన దేశానికి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకునితో అజరయ్యకు చెలిమి కలిసినది. ఒకరు జీతం లేకుండా తన సొంత ఆస్తితో బ్రతికే సంపన్నుడు. మరొకరు పల్లెటూరి గురువుగారి కొడుకు. ఒకరు తెల్లవాడు, పాలకజాతికి దగ్గరివాడు. మరొకరు నల్లవాడు, పాలితుడు, అందులోనూ తక్కువగా చూడబడిన కులంవాడు. ఇన్ని అడ్డుగోడలున్నా ఇద్దరూ ఊరూరా కలిసి తిరిగినారు, కలిసి భోంచేసినారు, కలిసి ప్రార్థించినారు. ఎడ్డీ తమిళం నేర్చుకొన్నాడు. ఆనాటి తెల్ల మిషనరీలలో ఇట్లాంటి స్నేహం అరుదు. వారిలో ఎక్కువమంది దేశీయులకు మేలు చేసేవారే. బడులు పెట్టేవారు, మందులిచ్చేవారు, కరువులో గంజి పోసేవారు. కాని తమతో పాటు పనిచేసే దేశీయుణ్ణి ఇంటికి పిలిచి తమ బల్లవద్ద కూర్చుండబెట్టుకొనేవారు కారు. వరండాలో నిలబెట్టి మాట్లాడి పంపేవారు. మేలు చేయడం వేరు, స్నేహం చేయడం వేరు అనే సంగతి అజరయ్యకు ఈ రెండు అనుభవాలవలన బాగా తెలిసివచ్చినది.

1902లో అజరయ్య యాళ్ల్పాణం వెళ్లినారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతోనే తమవారిని మత సేవకు పంపుతున్నారని తెలిసి, తిరునల్వేలిలో అంతమంది ఉండి గూడా విదేశీయుల సొమ్ముమీద ఆధారపడుతున్నామే అని సిగ్గుపడినారు. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం ఏర్పడినది. 1905 క్రిస్మసునాడు బెంగాలులోని శ్రీరాంపురంలో, కె. టి. పాల్ మొదలైనవారితో కలిసి జాతీయ మిషనరీ సంఘాన్ని గూడా స్థాపించినారు. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ యాజమాన్యం — ఈ మూడే ఆ సంఘాలకు పునాదులు. వంగ దేశంలో స్వదేశీ ఉద్యమం రగిలిన సంవత్సరమే ఇది అని గుర్తుంచుకోవాలి.

తిరునల్వేలి సంఘంవారు తమ సేవకు ఎంచుకొన్నది తమిళదేశంలోని ఏదో ఊరు కాదు. నిజాం రాజ్యపు తూర్పు అంచున, మానుకోట ప్రాంతంలోని తెలుగు పల్లెలు. ఇతరులను పంపి తాను మద్రాసులో సుఖంగా కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. 1909లో పదవికి రాజీనామా ఇచ్చి, గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరినారు. కాజీపేటనుండి బెజవాడ వెళ్లే రైలుదారిలో, సింగరేణి బొగ్గుగనులవైపు కొమ్మ చీలే జంక్షను అది. నేడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఆనాడు చుట్టూ అడవి. మొదట గుడారమే ఇల్లు. మలేరియా, కలరా ఏటేటా వచ్చే చుట్టాలు. ప్రసంగాలతో వేలమందిని కదిలించిన వక్త, పల్లెటూరి పిల్లలతో సమానంగా అ, ఆలు దిద్దుకోవలసి వచ్చినది. పరభాషలో మాట తడుముకొనేవాడి అవస్థ ఏమిటో, ఈ నగరానికి వచ్చిన కొత్తలో కూరలబండివానితో కన్నడం మాట్లాడబోయిన మనకు వేరే చెప్పనక్కరలేదు. అజరయ్య పట్టుదలతో తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తెలుగులో పాఠాలు వ్రాసే స్థితికి వచ్చినారు.

డోర్నకల్ వచ్చిన మరుసటి సంవత్సరమే ఆయన పేరు ప్రపంచానికి తెలిసిన సంఘటన జరిగినది. 1910 జూన్‌లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1200 మంది ప్రతినిధులు వచ్చినారు. వారిలో ఆసియా ఖండంవారు ఇరువదిమందికి మించరు. విదేశీ సేవకులకూ దేశీయ సేవకులకూ మధ్య ఉండవలసిన సహకారం గురించి మాట్లాడవలసిందిగా అజరయ్యను కోరినారు. తెల్లవారి పెద్దలంతా ఎదుట కూర్చున్న సభ అది. పొగడ్తలు చెప్పి కూర్చుంటే చప్పట్లు వచ్చేవి. ఆయన అట్లా చేయలేదు. మిషనరీలు చేసిన త్యాగాలకు హృదయపూర్వకంగా కృతజ్ఞత చెప్పినారు. పిమ్మట, ఇరువర్గాల మధ్య సంబంధం ఉండవలసినట్లు లేదని నిర్మొగమాటంగా చెప్పినారు. ఒకరు జీతమిచ్చే యజమాని, మరొకరు జీతం పుచ్చుకొనే నౌకరు అన్న భావం పోలేదన్నారు. ఏండ్ల తరబడి కలిసి పనిచేస్తూ గూడా ఒక్కపూట ఇంటికి పిలిచి భోజనం పెట్టనివారున్నారని, తోటి పనివాని ఇంటి గడప తొక్కనివారున్నారని చెప్పినారు. ఆస్తులను, దేహాలను సైతం మా కోసం అర్పించిన మీరు ప్రేమను గూడా ఇవ్వాలని, మాకు ఇప్పుడు కావలసినది స్నేహితులని విన్నవించి ముగించినారు.

సభలో కొంతసేపు నిశ్శబ్దం ఆవరించినదట. కొందరు మిషనరీలకు కోపం వచ్చినది, కొందరు మెచ్చుకొన్నారు. ఆ మహాసభలో చేసిన తీర్మానాలను నేడు ఎవరూ గుర్తుంచుకోలేదు గాని, అజరయ్య చేసిన ఆ చిన్న విన్నపం నూరేండ్లు దాటినా మరువబడలేదు. కారణమేమి? అది పగతో చేసిన ఫిర్యాదు కాదు. గాయపడినవాడు గాయపరచినవానికి తన పుండు చూపి, దీనికి మందు నీవద్దనే ఉన్నదని చెప్పడం అది. అవమానం పొందినవాడు సామాన్యంగా రెండు పనులలో ఒకటి చేస్తాడు: మౌనంగా లోలోపల కుములుతాడు, లేదా తెగతెంపులు చేసుకొని వెళ్లిపోతాడు. అజరయ్య మూడవ దారి తొక్కినారు. నిజం చెప్పినారు, చెలిమి చేయి చాచినారు. ఎడ్డీ వంటి ఒక్క స్నేహితుడు దొరికి ఉండకపోతే, తెల్లవారితో స్నేహం సాధ్యమేనన్న ఆ నమ్మకం ఆయనకు కలిగేది కాదని మన ఊహ.

అట్టి స్నేహితులు మరి ఇద్దరు మద్రాసులో ఉండిరి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్, ఆయన భార్య ఇసబెల్. ఈ వైట్‌హెడ్ దొర సుప్రసిద్ధ తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు సోదరుడు. దక్షిణ దేశపు గ్రామదేవతలను గురించి ఆయన వ్రాసిన గ్రంథం నేటికీ పండితులు చదువుతారు. అందులో మన బెంగుళూరు మెజెస్టిక్ దగ్గరి అణ్ణమ్మదేవి ప్రసక్తి గూడా ఉన్నది. ఆనాడు ఈ నగరంలోని సెయింట్ మార్క్సు దేవాలయం గూడా మద్రాసు బిషప్పు ఏలుబడిలోనిదే. తెలుగు పల్లెలకు ఒక భారతీయుణ్ణే బిషప్పుగా చేయాలని వైట్‌హెడ్ పట్టుబట్టినారు. ఒక నల్లవాని అధికారం కింద తెల్ల గురువులు ఎట్లా పనిచేస్తారని చాలామంది మిషనరీలు అడ్డుచెప్పినారు. కులం చూచి వెనుకాడిన దేశీయ క్రైస్తవులు గూడా లేకపోలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయంలో అజరయ్య బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. ఆ పదవిలో ముప్పది రెండేండ్లు, అంటే మరణించేవరకు ఉన్నారు.

ఎడింబరోలో స్నేహం కోరినవాడు డోర్నకల్‌లో స్నేహం ఇవ్వవలసినవాడైనాడు. నిజమైన పరీక్ష ఇక్కడనే ఉన్నది. ఆయన చుట్టూ ఉన్నవారు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరిబయట వాడలలో నివాసం. ఊరి బావిలో చేద వేయరాదు. దొరల గడీలలో వెట్టిచాకిరి. ధాన్యం అప్పుకు తరతరాల జీతగాళ్లు. శరీరానికి తగిలిన దెబ్బలకంటె, తాను మనిషినే కాననే భావం ఆ మనస్సులలో తరాలుగా నాటుకొని ఉండినది. గడ్డి కప్పిన గుడిసెను ఒక్క ఎండకాలంలో తిరిగి కట్టవచ్చు; కూలిన ఆత్మగౌరవాన్ని కట్టడం అంత తేలిక కాదు.

అజరయ్య చేసిన వైద్యం చాలా సామాన్యమైనది. ఎద్దుబండిమీదనో, కాలినడకనో పల్లెకు వెళ్లేవారు. వాడలోనే దిగేవారు. నేలమీద కూర్చుని వారి మాటలు వినేవారు. బిషప్పుగారు మన గుడిసెముందు కూర్చున్నారు, మన పేరు పెట్టి పిలిచినారు అన్న సంగతే ఆ మనుషులకు పెద్ద మందు. క్రీస్తు బీదవాని ఇంట పుట్టినాడని, వడ్రంగి పని చేసినాడని, వెలివేయబడినవారితో కలిసి భోజనం చేసినాడని ఆయన చెప్పేవారు. కులంవల్ల గాని ధనంవల్ల గాని కాక, దేవుని బిడ్డ కావడంవల్లనే మనిషికి విలువ అనేది ఆయన బోధకు సారాంశం. ఇది విన్న వెట్టివాడు తల ఎత్తినాడు.

అంతటితో ఆగలేదు. స్వస్థత పొందినవాడు ఊరకుండరాదన్నది ఆయన నియమం. బాప్తిస్మం పొందిన ప్రతివ్యక్తి తన చేతిని తన తలమీద ఉంచుకొని, తాను పొందినదానిని ఇతరులకు చెప్పే బాధ్యత తనదేనని ప్రమాణం చేయాలి. అక్షరం రాని కూలిమనిషి, ముసలి అవ్వ — ఎవరికీ మినహాయింపు లేదు. నిన్నటివరకు నోరెత్తరాదన్న మనిషికి, నీ నోటిలోని మాట ఇతరులకు అవసరం అని చెప్పడంకంటె గొప్ప గౌరవం ఏమున్నది? దానం విషయంలోను ఇంతే. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారం చివర ఆ బియ్యం దేవాలయానికి చేరేది. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరుగనివారిగా లోకం చూచినవారు, ఇచ్చేవారైనారు. దానధర్మాల గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాసినారు. పేదవానికి ఇవ్వడంతో పాటు, పేదవానిచేత ఇప్పించడం గూడా అతని మనస్సును నిలబెట్టే పని అని ఆయన గుర్తించినారు.

ఇందులో అన్నింటికంటె కష్టమైనది మాల మాదిగల మధ్య వైరం. పైకులాలవారు తమను అంటరానివారన్నప్పుడు ఎంత బాధ కలిగినదో, అదే బాధను మాలలు మాదిగలకు కలిగించేవారు. గాయపడినవాడు తనకంటె బలహీనుణ్ణి గాయపరచి ఉపశాంతి పొందడం మనుష్య స్వభావంలోని వింత. మాదిగలు చేరితే మేము రామని మాల క్రైస్తవులు మొరాయించిన చోట్లున్నాయి. అజరయ్య ఈ విషయంలో రవంత గూడా వంగలేదు. ప్రభువు బల్లవద్ద అందరూ ఒకే వరుసలో మోకరించాలి, ఒకే పాత్రనుండి పుచ్చుకోవాలి. మనిషి ఎంగిలికి భయపడి వేల ఏండ్లు గడిపిన దేశంలో ఒకే పాత్రనుండి త్రాగడం ఎంత పెద్ద విప్లవమో ఆలోచించండి. ఎడింబరోలో తెల్లవారి భోజనబల్ల గురించి మాట్లాడిన మనిషి, డోర్నకల్‌లో తనవారి భోజనపంక్తి గురించి గూడా అంతే నిక్కచ్చిగా మాట్లాడినారు. తనకు జరిగిన అన్యాయాన్ని ఎత్తిచూపేవారు లోకంలో చాలామంది. తనవారు చేసే అన్యాయాన్ని గూడా ఎత్తిచూపేవారే అరుదు.

అన్బు అమ్మగారి సేవను గూడా ఇక్కడ స్మరించాలి. పల్లె పంతుళ్ల భార్యలకు ఆమె చదువు నేర్పినారు. తల్లుల సంఘాలు నడిపినారు. తమిళదేశంలో పుట్టి పెరిగి, కళాశాలలో చదివిన ఇల్లాలు అడవి అంచున గుడారంలో కాపురం పెట్టి, తెలుగు స్త్రీల సుఖదుఃఖాలు వినడానికి వారి భాష నేర్చుకొన్నది. పురుషుడైన బిషప్పుకు చెప్పుకోలేని వేదనలు ఆమెకు చెప్పుకొనేవారు. ఎందరి కన్నీరు ఆ ఇంటి అరుగుమీద ఆరినదో ఏ చరిత్ర పుస్తకంలోను లెక్క దొరకదు.

1920 ప్రాంతంనుండి కృష్ణా మండలం మొదలైన ఇతర తెలుగు ప్రాంతాలు గూడా డోర్నకల్ ఏలుబడిలోకి వచ్చినవి. తెల్ల గురువులు భారతీయ బిషప్పు కింద పనిచేసినారు. ఆకాశం విరిగి పడలేదు. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. 1935 నాటికి ఆయన మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. వైద్యశాలలు, పరస్పర సహాయ సంఘాలు, ముద్రణాలయాలు వెలసినవి. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది. కల్లు, అప్పు, మురికి, రోగం — ఈ నాలుగింటిని వాడలనుండి తరిమే పని ఉపాధ్యాయులకు అప్పగించినారు. రాత్రిబడిలో దీపం వెలిగినచోట అప్పుపత్రంమీద గుడ్డిగా వ్రేలిముద్ర వేయడం తగ్గినది. ఇట్లా మారిన మాల మాదిగలను చూచి, వారిని దూరంగా ఉంచిన శూద్ర కులాలవారు గూడా వేలసంఖ్యలో అదే దేవాలయానికి వచ్చినారు. వెలివేయబడినవాడే గురువై, వెలివేసినవానికి మార్గం చూపినాడు.

క్రైస్తవుడైనంతమాత్రాన దేశీయ సంప్రదాయం విడువనక్కరలేదని ఆయన అభిప్రాయం. తెలుగు కీర్తనలు, భజనలు, కోతలపండుగ ఊరేగింపులు ఆయన ప్రోత్సాహంతో పెరిగినవి. డోర్నకల్‌లో ఏండ్ల తరబడి కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ప్రధాన దేవాలయాన్ని చూస్తే ఆయన మనస్సు తెలుస్తుంది. హిందూ ఆలయాల స్తంభాలు, ముసల్మానుల గుమ్మటాలు, క్రైస్తవుల సిలువ ఆ కట్టడంలో కలిసి కనబడతాయి. ఇది ఇంగ్లండునుండి ఓడలో దిగిన గుడి కాదు, ఈ నేలలోనుండి మొలిచిన గుడి.

ఆయన పనికి విమర్శలు లేకపోలేదు. మూకుమ్మడి మతమార్పిడి విషయమై 1930 తరువాతి సంవత్సరాలలో గాంధీమహాత్మునికీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చినది. హరిజనుల ఉద్ధరణ హిందూసమాజం లోపలనే జరగాలని గాంధీగారు తలచినారు. పల్లెవాడు తన మతాన్ని తానే ఎంచుకోగల మనిషి అని, ఆ మార్పు అతని జీవితాన్ని నిజంగా మార్చుతున్నదని అజరయ్య వాదించినారు. ఇద్దరి వాదాలలోని తారతమ్యం చదువరులు ఎవరికివారే తేల్చుకోవచ్చు. అదే అజరయ్య, క్రైస్తవులకు చట్టసభలలో ప్రత్యేక నియోజకవర్గాలు కేటాయించిన 1932 నాటి నిర్ణయాన్ని గూడా వ్యతిరేకించినారు. సంఖ్యాబలంతో బేరమాడే వర్గంగా తనవారు మారడం ఆయనకు ఇష్టం లేదు.

మరొక నిజం గూడా చెప్పుకోవాలి. ఒకే పాత్రనుండి పుచ్చుకొన్నవారే వియ్యమందే వేళ కులం అడగడం మానలేదు. నేటికీ తెలుగు క్రైస్తవ సమాజంలో ఆ జబ్బు పూర్తిగా వదలలేదు. ఒక్క జీవితకాలంలో మానే గాయం కాదు అది. అయితే మందు ఏదో తెలియని రోగం వేరు, మందు తెలిసి వాడని రోగం వేరు. అజరయ్య మందు చూపి వెళ్లినారు.

క్రైస్తవ శాఖల మధ్య భేదాలు గూడా ఆయనను బాధించినవి. అవి పడమటి దేశాలలో ఎవరో ఎప్పుడో పోట్లాడుకొన్నందువలన పుట్టిన చీలికలు. తెలుగు పల్లెలోని కూలివానికి వాటితో ఏమి పని? 1919లో తరంగంబాడిలో కొందరు మిత్రులతో కలిసి ఆరంభించిన ఐక్యతా ప్రయత్నాన్ని పాతికేండ్లు మోసినారు. 1929నుండి మరణించేవరకు జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులుగా ఉన్నారు. కాని ఫలితం కండ్లారా చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన, నూతన సంవత్సరం తొలిరోజున, డెబ్బది ఏండ్ల వయస్సులో అజరయ్యగారు పరమపదించినారు. డోర్నకల్‌లోనే, తాను కట్టించిన దేవాలయపు చెంతనే ఆయన దేహం విశ్రమిస్తున్నది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఏర్పడినది. నేడు బెంగుళూరు సెయింట్ మార్క్సు దేవాలయం, డోర్నకల్ దేవాలయం ఒకే సంఘంలోనివి. ఎడింబరో సభ జరిగిన 1910లోనే ఈ నగరంలో స్థాపితమైన ఐక్య వేదాంత కళాశాలలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ విద్యార్థులు నేటికీ ఒకే పంక్తిని కూర్చుని భోంచేస్తున్నారు.

ఈ జీవితంనుండి మనం, ఏ మతస్థులమైనా, గ్రహించదగినది ఏమి? అజరయ్యగారికి మనోబలం ఇచ్చినది ఆయన క్రైస్తవ విశ్వాసం. అందులో సందేహం లేదు. అయితే ఆ విశ్వాసం పుస్తకంనుండి మాత్రమే ఆయనకు చేరలేదు. ఒక తల్లి ప్రార్థనలో, ఒక అమెరికా మిత్రుని చెలిమిలో, ఒక ముసలి బిషప్పు దంపతుల ఆదరణలో మనుష్యరూపం ధరించి వచ్చినది. ఆయన గూడా దానిని అట్లాగే, మనిషినుండి మనిషికి, తెలుగు పల్లెలకు అందించినారు. దేవుని ప్రేమ అనేది పొరుగువాని ముఖంలో కనబడనిదే గాయపడినవానికి నమ్మకం కుదరదు.

మన నగరంలో తెలుగువారు లక్షలమంది. ఆకాశహర్మ్యాలలో కంప్యూటరుముందు కూర్చునేవారూ మనవారే, ఆ హర్మ్యాలకు ఇటుకలు మోసే పాలమూరు, అనంతపురం కూలీలూ మనవారే. పండుగకు దుప్పట్లు, బియ్యం పంచడం మనకు అలవాటే. అది మంచి పనే. కాని వారిలో ఒకరినైనా పేరు పెట్టి పిలిచి, ఇంటిలోపలికి రమ్మని, మనతోపాటు విస్తరి వేసి కూర్చుండబెట్టుకొన్న ఇండ్లు ఎన్ని? భర్త ఉద్యోగానికి వెళ్లగా నాలుగు గోడలమధ్య ఒంటరిగా కుమిలే కొత్తకోడలు, కొడుకువద్దకు వచ్చి మాట్లాడే దిక్కులేక బాల్కనీలో కూర్చునే ముసలి తండ్రి, చదువుకు వచ్చి దిగులుపడిన కుర్రవాడు — వీరి బాధకు చందాల పుస్తకంలో మందు లేదు. తలుపు తట్టే ఒక స్నేహితునివద్ద ఉన్నది.

ఈ ఉగాదినాడు షడ్రుచుల పచ్చడి చేసుకొన్నప్పుడు ఒక గిన్నెడు పొరుగింటికి పంపడమే గాక, ఆ పొరుగువారిని మన ఇంటికే పిలుద్దాం. వారు తెలుగువారైనా, కన్నడిగులైనా, తమిళులైనా సరే. తెలుగు నేర్చుకొని మన పల్లెలలో నేలమీద కూర్చున్న ఆ తిరునల్వేలి బిడ్డకు అంతకంటె తగిన స్మృతిచిహ్నం మనం కట్టలేము.